చీమలకు మొహమాటం లేదు

ముందుగా క్షమాపణలు.

ఈ దినచర్య చదవబోయే పంట్ల సంఘం సభ్యులకు, వారి కుటుంబాలకు, నాకు పట్టా ఇచ్చిన మరుసటి ఏడే సముద్రంలో మునిగిపోయిన నా కళాశాలకు, యావత్ శాస్త్ర ప్రపంచానికి, నల్లచీమల జాతికి, పేనుబంక జాతికి, ఆ పేనుబంకను తిని బతికే అక్షింతల పురుగులకు, వీళ్ళందరినీ మోస్తూ పల్లెత్తు మాట అనని చిక్కుడు తీగకు శిరస్సు వంచి, చేతులు జోడించి, సాష్టాంగపడి క్షమాపణ చెప్పుకుంటున్నాను. నీళ్ళ మీద తేలే ఈ పంటు మీద సాష్టాంగపడేంత చోటు లేదు కనుక మోకాళ్ళ దాకా పడ్డట్టు భావించగలరు. జరిగిన ఘోరానికి పూర్తి బాధ్యత నాదేనని రాయడానికి నాకు ఏ అభ్యంతరమూ లేదు. కాకపోతే అది నిజం కాదు.

ఇట్లు, గవర్రాజు, తాత్కాలిక చీమల సంబంధాల అధికారి, ఏడో పంటు.

నమోదు 1

ఉద్యోగంలో చేరాను. పదవీ విరమణ చేస్తున్న పాత అధికారి నాకు మూడు వస్తువులు అప్పగించాడు: ఒక వాసనపెట్టె, ఒక చిల్లుల గొడుగు, చీమల మీద కాలు పడకుండా నడవడానికి మేకులు కొట్టిన చెప్పులు. ఆ చెప్పులతో నడిస్తే చీమలు బతుకుతాయి గానీ మనిషి బతకడం కష్టం.

వాసనపెట్టె అంటే చీమలతో మాట్లాడే యంత్రం. మనం మీటలు నొక్కితే అది సీసాల్లోని వాసనలు కలిపి చీమల ముందు ఊదుతుంది. చీమలు బదులుగా వదిలిన వాసనను పీల్చి పైకి మాటల్లో చెబుతుంది. తయారుచేసినవాళ్ళు దానికి మాట నేర్పడానికి దొరికినవాణ్ణి దొరికినట్టు ఒక కోనసీమ పడవ సరంగును కూర్చోబెట్టారట. అందుకని మా చీమలన్నీ ఆ సరంగు గొంతుతో, ఆ సరంగు యాసతోనే మాట్లాడతాయి.

"ఒక్కటి గుర్తుపెట్టుకో" అన్నాడు పాత అధికారి, పడవ ఎక్కుతూ. "మనం ఏది చెబితే అది నమ్మేస్తాయి."

"మంచిదేగా సార్?"

ఆయన నావైపు జాలిగా చూసి, తెడ్డు వేసుకుని వెళ్ళిపోయాడు.

నమోదు 2

పొద్దున్నే మొదటి పని, టీలోకి తీపి తేవడం.

చెరకు పండే నేల సముద్రం కిందకు పోయాక, తాళ్ళతో కట్టిన ఈ పంట్ల మీద జనానికి దక్కే తీపి బంకతేనె ఒక్కటే. పంటు అంచుల వెంట అవిసె చెట్లున్నాయి. వాటి లేత చిగుళ్ళను పట్టుకుని పేనుబంక అనే చిన్న చిన్న పురుగులు రసం పీలుస్తుంటాయి. వాటిని చీమలు కాస్తాయి. మీసాలతో వాటి వీపు నిమురుతాయి. నిమరగానే పేనుబంక వెనక నుంచి తియ్యటి బొట్టు ఒకటి జారుతుంది. చీమలు తాగగలిగినంత తాగి, మిగిలింది మేం పెట్టిన దొప్పలో పోస్తాయి. బదులుగా చీమల పుట్ట తడవకుండా మేం చూసుకోవాలి, అక్షింతల పురుగులకు మూత పెట్టి ఉంచాలి. ఇదే ఒడంబడిక.

దొప్పను తీసుకెళ్ళి మా దొడ్డమ్మ నూకరత్నానికి ఇచ్చాను. పంటు మీద తోట ఆవిడది, నోరు కూడా ఆవిడదే.

"వెనక నుంచి అంటే ఎక్కణ్ణుంచిరా?" అంది, టీ కలుపుతూ.

"వెనక నుంచే దొడ్డమ్మా."

"అంటే అది..."

"శాస్త్రంలో వేరే పేరుంది."

"ఆ శాస్త్రం నువ్వే తాగు" అని గ్లాసు నా ముందు పెట్టింది. కాసేపాగి తన గ్లాసులో ఇంకో చెంచాడు వేసుకుంది.

నమోదు 4

దొడ్డమ్మ పొద్దున్నే నా చెవి పట్టుకుని చిక్కుడు పందిరి దగ్గరకు లాక్కెళ్ళింది. అధికారి చెవి పట్టుకోవడం నిబంధనలకు విరుద్ధమని చెప్పాను. రెండో చెవి కూడా పట్టుకుంది.

చిక్కుడు చిగురు నల్లగా ఉంది. దగ్గరికెళ్తే ఆ నలుపు కదిలింది. పేనుబంక. ఒక్కో పురుగును నోట కరుచుకుని చీమలు పసిపిల్లల్ని మోసినట్టు పైకి మోసుకొస్తున్నాయి. లేత ఆకు మీద దింపుతున్నాయి. ఒకదానికి రెక్కలు మొలుస్తుంటే ఓ చీమ నెమ్మదిగా కొరికి పారేసింది, అమ్మ పిల్లవాడికి గోళ్ళు తీసినట్టు.

"ఇది ఒక్కటే తీగరా" అంది దొడ్డమ్మ. ఆవిడ గొంతులో తిట్టు లేకపోయేసరికి నాకు భయం వేసింది. "మిగతా పంట్ల మీద పాదులన్నీ ఉప్పుగాలికి మాడిపోయాయి. ఈ కాయలు ఎండి గింజ దిగితేనే మళ్ళీ ఏడాదికి ఎవరికైనా చిక్కుడు. ఇవి ఇలా పీల్చేస్తే పిందె నిలవదు. చిక్కుడనేదే ఉండదింక."

నేల మునిగిన రోజు అందరూ నగలు, పట్టాలు, దేవుడి పటాలు పట్టుకుని పంట్లు ఎక్కితే, ఈవిడ చిక్కుడు గింజలు కొప్పులో ముడుచుకుని ఎక్కింది. వారం పాటు తల దువ్వుకోలేదు.

చూస్తానని చెప్పాను. నా ఉద్యోగంలో ఇచ్చిన మొదటి హామీ అది.

నమోదు 5

వాసనపెట్టెను పందిరి కింద పెట్టి, అధికార హోదాలో మీట నొక్కాను.

"ఆయ్, చెప్పండి" అంది పెట్టె.

"మీ పేనుబంక మా చిక్కుడు మీద ఎందుకుంది?"

"అవిసాకు ముదిరిపోయిందండి. పిల్లలు పీల్చలేకపోతన్నాయండి."

వాటిని చీమలు పిల్లలంటాయని నాకు అప్పుడే తెలిసింది. కోపం సగం దిగిపోయింది. మిగిలిన సగంతో అడిగాను.

"ఎప్పుడు తీసేస్తారు?"

"తీసేయడవేంటండి? ఇప్పుడే కదండి దింపాం."

పక్క పంటు నుంచి భూలక్ష్మి ఇదంతా వింటోంది. అక్షింతల పురుగుల డబ్బాల కాపలా ఆ అమ్మాయిది. నాతోనే చదివింది, నాకంటే ఎక్కువ మార్కులు తెచ్చుకుంది, ఆ సంగతి నేను మర్చిపోకుండా శ్రద్ధ తీసుకుంటుంది.

"ఏంటి గవర్రాజు గారూ, సంప్రదింపులా? ఒక్క మూత తీస్తే మధ్యాహ్నానికి తీగ శుభ్రం."

"ఒకసారి తీశారుగా. ఏమైందో గుర్తులేదా?"

గుర్తుంది ఆమెకీ. అక్షింతల పురుగులు చిక్కుడుతో ఆగలేదు. పంట్లన్నిటి మీదా పేనుబంక అన్నది లేకుండా తినేశాయి. చీమలు పుట్టలో దాచుకున్న గుడ్లు పగిలి పేనుబంక మళ్ళీ పెరిగేదాకా జనం చేదు టీ తాగారు. కుదిరిన సంబంధాలు టీ దగ్గరే చెడిపోయాయి. అప్పటి నుంచి సంఘం అనుమతి లేకుండా మూత తీస్తే పంటు నుంచి వెలి.

"అయితే కానీయ్, బతిమాలుకో" అంది భూలక్ష్మి. "నీ మాట వినేవాళ్ళు చీమలన్నా దొరికారు."

నమోదు 7

విజయం! చరిత్రలో ఈ రోజును ఎలా రాస్తారో తెలియదు గనుక నేనే రాసి పెడుతున్నాను.

అవిసె చెట్లన్నీ ఎక్కి కొమ్మలు నరికాను. నరికిన చోటల్లా లేత చిగుళ్ళు తన్నుకొచ్చాయి. చీమల పెద్దను రప్పించి చూపించాను. మీసాలతో తట్టి చూసింది.

"లేతగానే ఉందండి. రేపొద్దున్నే పిల్లల్ని తీసుకుని ఎల్లిపోతామండి."

దొడ్డమ్మ నాకు అట్టు వేసిపెట్టింది. అడగకుండానే రెండోది కూడా వేసింది. ఏడో పంటు చరిత్రలో ఇలాంటిది జరగలేదు.

నమోదు 8

నిన్నటి నమోదును కొట్టివేయగలరు.

అన్న మాట ప్రకారం చీమలు పొద్దున్నే బయల్దేరాయి. ఒక్కో నోట్లో ఒక్కో పేనుబంక. తీగ వెంట, పందిరి గుంజ వెంట, బారుగా దిగుతున్నాయి. నేను వాసనపెట్టె పక్కన నిలబడి వీడ్కోలు సందేశం పంపాను. దొడ్డమ్మ నడుం మీద చేతులు వేసుకుని, ఎప్పుడు పోతాయా అని చూస్తోంది. చివరి వరస గుంజ దిగి గడప చెక్క దగ్గరకు వచ్చింది.

అప్పుడు ఆవిడ ముఖం మారింది.

"ఒరేయ్, ఏమన్నా తిన్నాయా ఇవి?"

"ఇన్నాళ్ళూ తింటూనే ఉన్నాయి దొడ్డమ్మా."

"అది నిన్న. ఇవాళ పొద్దున్న?"

"వెళ్ళనీ దొడ్డమ్మా!"

"చంటిపిల్లల్ని ఎత్తుకుని ఖాళీ కడుపులతో గడప దాటతాయట్రా? రేపు మా ఇంటి గురించి ఏమనుకుంటాయి? ఒక్క మాట అను. తిని వెళ్ళమను. ఎలాగూ వద్దంటాయి."

నిజమే, ఎవరైనా వద్దంటారు. వద్దన్నాక మనం ఇంకోసారి అడగాలి, వాళ్ళు ఇప్పుడే తిన్నామని ప్రమాణం చెయ్యాలి, మనం అలిగినట్టు ముఖం పెట్టాలి, వాళ్ళు మళ్ళీ వచ్చినప్పుడు తప్పకుండా తింటామనాలి, ఇద్దరం గుమ్మంలో ఇంకో గంట నిలబడాలి. వీడ్కోలంటే ఇదే కదా. చదువుకున్నవాణ్ణే అయినా ఈ మాత్రం మర్యాద నాకూ ఉంది. మీట నొక్కాను: తిని వెళ్ళండి.

బారు ఆగింది.

"అలాగేనండి" అంది పెట్టె.

బారంతా వెనక్కి తిరిగింది. గుంజ ఎక్కి, తీగ ఎక్కి, మొన్నటి చిగురు దాటి పూత దాకా వెళ్ళి కూర్చుంది. మధ్యాహ్నానికి పుట్టలోని మిగతావాళ్ళు కూడా వచ్చారు. సాయంత్రానికి రాణీచీమను ఊరేగింపుగా తీసుకొచ్చారు. భోజనానికి పిలిచారు కదా, ఇంటిల్లిపాదీ వచ్చారు.

దొడ్డమ్మ గడప చెక్క మీద కూలబడింది. "ఒక్కసారైనా వద్దనలేదేంట్రా?" అంది.

నమోదు 10

టీలో తీపి ఎక్కువైంది. చిక్కుడు రసం బలమైనది. దొప్పలు నిండి కారుతున్నాయి. పక్క పంట్లవాళ్ళు గ్లాసులతో వచ్చి దొడ్డమ్మను పొగిడి వెళ్తున్నారు. ఆవిడ మాత్రం టీ మానేసింది. రోజూ రాలిన పూత ఏరి కొంగులో వేసుకుంటోంది.

నేను రంగంలోకి దిగాను. పిలిచినవాళ్ళను పొమ్మనడం మన ఇంటా వంటా లేదు గనుక, అతిథి తనంతట తాను లేచి వెళ్ళడానికి మనవాళ్ళు వాడే సాధనాలన్నీ వరసగా ప్రయోగించాను.

మొదటిది, పొద్దుపోయిందని గుర్తుచేయడం.

"చీకటిపడేలా ఉందండీ."

"ఆయ్, ఇక్కడే పడుకుంటామండి."

రెండోది, వాళ్ళ ఇంటి గురించి బెంగపెట్టడం.

"మీ పుట్ట దగ్గర ఎవరూ లేరేమో పాపం."

"లేరండి. అందరం ఇక్కడే ఉన్నామండి. బెంగ లేదు."

మూడోది, ఎంతటి చుట్టాన్నయినా లేపే బ్రహ్మాస్త్రం. అది అన్నాక సభ్యత ఉన్న ఏ మనిషీ కుర్చీలో నిలవడు.

"ఇంకేంటండీ విశేషాలు?"

చీమల పెద్ద చాలా సంతోషించింది. ఇంతవరకూ తనను ఎవరూ అడగలేదట. విశేషాలు చెప్పడం మొదలుపెట్టింది. గోరంత దూరంలో దొరికిన అన్నం మెతుకు దగ్గర మొదలై, దాన్ని ఎవరు ముందు చూశారన్న వివాదం మీదుగా, వాళ్ళ పూర్వీకుల వలసల దాకా వచ్చేసరికి సీసాలు ఖాళీ అయి పెట్టె తుమ్మి ఆగిపోయింది. సీసాలు మళ్ళీ నింపగానే, "ఎక్కడిదాకా వచ్చామండి?" అని అడిగింది.

భూలక్ష్మి నవ్వీ నవ్వీ తన పంటు అంచున కూర్చుండిపోయింది. తర్వాత తీగ వైపు చూసి నవ్వడం ఆపేసింది.

"ఎన్ని కాయలు నిలిచాయి?"

"గుప్పెడు కూడా లేవు."

"నేను మూత తీసేస్తాను గవర్రాజూ. వెలివేస్తే వేయనీ."

"నిన్ను వెలివేస్తే నన్ను తిట్టేదెవరు? ఆగు" అన్నాను. ఎందుకు ఆగమన్నానో నాకే తెలియదు. నా దగ్గర ఏ ఉపాయమూ లేదు.

నమోదు 11

సిగ్గు విడిచి చీమలను సూటిగా అడిగాను. ఎప్పుడో అడగవలసింది. ఎదుటివాణ్ణి సూటిగా అడగడం మన చివరి ఉపాయం కదా.

"మీరు వెళ్ళాలంటే ఏం చెయ్యాలి?"

"ఇక్కడ తినమన్నారండి, ఇక్కడ తింటన్నాం. ఇంకోచోట తినమనండి, అక్కడ తింటాం."

"అవిసె చిగురు ఉందిగా?"

"ముదిరిపోయిందండి. ఈ రుచి మరిగాక పిల్లలు దాన్ని ముట్టవండి."

చిక్కుడును మించిన లేత మొక్క ఎక్కడుంది? దొడ్డమ్మా, నేనూ, భూలక్ష్మీ పంట్లన్నీ తిరిగాం. ఒక్క చోటే ఉంది. మొదటి పంటు మీద, సంఘం అధ్యక్షులు వీరరాఘవులు గారి చేమంతి తోట. అప్పుడప్పుడే మొగ్గ తొడుగుతోంది. పేనుబంకకు చేమంతి మొగ్గంటే ప్రాణం. అక్కడ చీమ అడుగు పెట్టకూడదని ఆయన పంట్లను కలిపి కట్టే గట్టుతాళ్ళకు బూడిద రాయించారు.

ఆయన కుర్చీలోంచి లేవకుండానే విన్నారు.

"చేమంతులు పంట్ల పండగ రోజు వేదిక అలంకారానికమ్మా. పెద్దలొస్తారు. వేదిక మీద పూలు లేకపోతే సంఘం పరువేం కాను?"

"చిక్కుడు గింజ పోతుంది బాబూ" అంది దొడ్డమ్మ. "పూలు మళ్ళీ పూస్తాయి. గింజ పోతే ఎక్కణ్ణుంచి తెస్తాం?"

"నేనొచ్చి చీమలతో మాట్లాడతాగా" అన్నారాయన. "కుర్రాడికి అనుభవం లేదు. పెద్దమనిషి చెప్తే వినే పద్ధతి వేరు."

దొడ్డమ్మ దారిలో నా చెవి ఒక్కసారి కూడా పట్టుకోలేదు. అది నాకు నచ్చలేదు.

నమోదు 12

అధ్యక్షులవారు కండువా వేసుకుని విచ్చేశారు. బూడిద రాసిన గట్టుతాడు తెగితే కొత్త తాడుతో పంట్లు దగ్గరకు లాగి కట్టించి మరీ వచ్చారు, పడవ ఎక్కితే పంచె తడుస్తుందని. పందిరి ఎదుట కుర్చీ వేశాం. ఆయన నిలబడే మాట్లాడారు. మానవ జాతికీ చీమ జాతికీ ఉన్న అనాది సంబంధం గురించి, క్రమశిక్షణ గురించి, తమ బాల్యం గురించి, తమ తండ్రిగారి బాల్యం గురించి. నేను పక్కన కూర్చుని మీటలు నొక్కుతూ ప్రతి మాటా వాసనలోకి మార్చాను. నా ఉద్యోగం అదే: పెట్టె ఎదుట నిలబడి ఎవరేమన్నా చీమలకు చేర్చాలి. ప్రసంగం మధ్యలో వేళ్ళు పట్టేస్తే భూలక్ష్మి వచ్చి రుద్దింది. ఆ విషయం ఇక్కడ అనవసరం, అయినా రాస్తున్నాను.

"అర్థమైందా?" అని అడిగారు అధ్యక్షులు, చివర్లో.

"అర్థవైందండి" అంది పెట్టె.

"ఏమర్థమైంది?"

"ఎవరో వచ్చారండి."

ఆయన కొంచెం నొచ్చుకున్నారు. అయినా పెద్దమనిషి కదా, పైకి నవ్వి, అందరికీ నమస్కారం పెట్టి, సెలవు తీసుకుని కొత్త తాడు వెంట వెళ్ళిపోయారు.

నమోదు 13

తీగ మీద ఒక్క చీమ లేదు.

ఒక్క పేనుబంక లేదు. దొడ్డమ్మ ఆకులన్నీ తిప్పి తిప్పి చూసింది. తడిగుడ్డతో ఒక్కో ఆకుకు పట్టిన బంక తుడిచింది. పందిరి లోపలివైపు, ఎవరికీ కనపడనిచోట, కాయలు నిలిచే ఉన్నాయి. గింజ కట్టిన కాయలు. ఆవిడ వాటిని ముట్టుకోలేదు, కిందనే కూర్చుని తలెత్తి చూసింది. తర్వాత టీ పెట్టుకుంది.

మొదటి పంటు మీద నుంచి కేకలు వినిపించాయి.

కొత్త తాడుకు బూడిద రాయడం ఎవరూ గుర్తుపెట్టుకోలేదు. రాణీచీమతో సహా చీమలన్నీ దాని మీదుగా బారులు తీరి వెళ్ళి, చేమంతి మొగ్గల మీద పిల్లల్ని దింపి, శుభ్రంగా సర్దుకున్నాయి.

నమోదు 15, విచారణ నివేదిక

చీమల వ్యవహారం తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే కావడంతో విచారణాధికారిగా నన్నే నియమించారు. అనుమానితుడు కూడా నేనే కావడంతో నన్ను నేనే పిలిపించుకుని, కుర్చీ వేసి, గట్టిగా ప్రశ్నించాను. సాక్షిగా భూలక్ష్మి హాజరైంది. "నేను ఆ సమయంలో అతని వేళ్ళు చూస్తున్నాను, ఇంకేమీ చూడలేదు" అని వాంగ్మూలం ఇచ్చి, ముఖం పక్కకు తిప్పుకుంది.

నా మీద వచ్చిన అభియోగాలు ఇవీ. పేనుబంకను నేను జేబులో వేసుకుని మోసుకెళ్ళానట. మోయలేదు. తాడు నేనే తెంపానట. అది తుప్పు పట్టిన గుంజకు ఒరుసుకుని తెగింది, ఆ గుంజ మార్చమని నేను చేరకముందే అర్జీ పెట్టి ఉన్నారు. తాడు మీద బంకతేనె పూశానట. పూయలేదు, ఉన్నదంతా పక్క పంట్లవాళ్ళు గ్లాసుల్లో పోసుకెళ్ళారు. అధ్యక్షులవారి పేరు చెప్పి చీమలతో దొంగ ఒప్పందం చేసుకున్నానట. చీమలతో ఒక్క అబద్ధం కూడా ఆడలేదు. కావలిస్తే వాటినే అడగండి, కాకపోతే తీరిక చేసుకుని అడగండి, విశేషాలు ఇంకా మిగిలి ఉన్నాయి.

నేను చేసింది ఒక్కటే.

ఆ రోజు ప్రసంగం అయ్యాక అధ్యక్షులవారు కండువా సర్దుకున్నారు. నమస్కారం పెట్టారు. రెండడుగులు వేసి, వెనక్కి తిరిగి, ఎవరింటి నుంచి బయల్దేరినా అందరూ అనే మాటే ఆయనా చీమలతో నవ్వుతూ అన్నారు: "ఉంటాం మరి. మీరు కూడా వీలు చూసుకుని మా పంటుకి రండి, ఇంటిల్లిపాదీ రండి, మా చేమంతి తోట మీదే అనుకోండి."

అలాంటి మాటను ఎవరూ ఎవరికీ చేరవేయరు. అది గాల్లో కలిసిపోవడానికే అంటారు.

నేను మీట నొక్కాను.